ఈ శనివారం పెనుమూడి

ఫిబ్రవరి 10, సోమవారం

"ఆంటీ, అంకుల్‌కి ఏదో ఒక ఆశ చూపించాలి. ఉత్తినే చెయ్యి లేపు, వేలు మడువు అంటే ఎవరూ చెయ్యరు. ఆయనకి బాగా ఇష్టమైంది ఏంటి?" అని అడిగింది అఖిల. బ్రాడీపేట క్లినిక్ నుంచి రోజు మార్చి రోజు వచ్చి ఈయన కాళ్ళూ చేతులూ ఆడించి పోయే ఫిజియో పిల్ల.

నవ్వొచ్చింది నాకు. ఇష్టమైంది! పెళ్ళాం కాదు, కూతురు కాదు, చర్చి అసలే కాదు. గాలం. పెనుమూడి రేవులో కృష్ణ ఒడ్డున గాలం వేసుకుని పొద్దస్తమానం కూర్చోవటం. రైల్వేలో ఉన్నన్నాళ్ళూ సెలవు దొరికితే చాలు, నల్లపాడు నుంచి గుంటూరు, గుంటూరు నుంచి రేపల్లె బండి. రిటైరయ్యాక ఇంక చెప్పక్కర్లా. మొన్న జనవరిలో పక్షవాతం వచ్చి బాత్రూం గుమ్మంలో పడిపోయేదాకా అదే వరస.

కుడి పక్క మొత్తం పోయింది. మాట పోయింది. ఒక్కటి మిగిలింది, "సరే". అన్నం తింటావా, సరే. పక్క తడిసిందా, సరే. కాపురానికొచ్చిన దగ్గర్నుంచి నేను ఏదడిగినా సరే అనని మనిషికి ఇప్పుడు అదొక్కటే వచ్చు. దేవుడికి కూడా తమాషాలు కావాలి కాబోలు.

"ఏవయ్యా, ఈ శనివారం పెనుమూడి పోదామా? చెయ్యి లేపితే తీసుకుపోతా" అన్నాను.

మూతి ఒక పక్కే కదిలింది. నవ్వాడు. కుడి చెయ్యి జానెడు లేచింది. అఖిల చప్పట్లు కొట్టింది.

ఫిబ్రవరి 13, గురువారం

ప్రయాణం గురించి ఆయన ముందే కూర్చుని గట్టిగా చెప్పాను, వినాలని. ఈయనతో గాలం వేసే సుభానీ వ్యాన్. ప్లాస్టిక్ కుర్చీ. పెద్ద గొడుగు. డైపర్లు రెండు ఎక్కువే పెట్టుకోవాలి. పెరుగన్నం మెత్తగా పిసికి డబ్బాలో. తెల్లారకముందే బయల్దేరితే పోటు నీళ్ళు వెనక్కి తీసే టయానికి రేవులో ఉంటాం. గాలం కర్ర అటక మీద నుంచి దింపి తుడిచాను. ఎడమ చేత్తో పట్టుకుని నిమిరాడు. మహిమ పుట్టినప్పుడు కూడా అంత మురిపెంగా ముట్టుకోలేదు.

"ఎర సంగతి సుభానీ చూసుకుంటాడులే. నేను ముట్టుకోకూడదుగా" అన్నాను.

"సరే" అన్నాడు.

అదీ ఆయన పెట్టిన చట్టం. కారం చేత్తో ఎర ముట్టుకుంటే చేప కొరకదట. నేను మిరపకాయల తొడిమలు తీసే షెడ్డులో మేస్త్రిని. పెళ్ళికి ముందు నుంచీ అదే పని. చేతులకి ఘాటు పట్టి ఉంటుంది, ఎంత కడిగినా పోదు. పెళ్ళైన కొత్తలో నన్నూ తీసుకుపొమ్మన్నాను. చింతపండుతో తోమాను, బూడిదతో తోమాను, మజ్జిగలో నానబెట్టాను. మా అమ్మ పెట్టిన పచ్చ చీర కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. నా వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "ఇంకా ఘాటే" అని చెప్పులేసుకుని పోయాడు.

ఇంకోసారి అడగలేదు. చేప పట్టటానికి పనికిరాని చేతులు, తెచ్చిన చేపని తోమి పులుసు పెట్టటానికి మాత్రం బ్రహ్మాండంగా పనికొచ్చాయి.

అవనిగడ్డలో మహిమ ఇంటికి పోతూ బస్సులోంచి వారధి మీద చూడటమే గానీ, ఆ నీళ్ళలో కాలు పెట్టి ఎరగను.

ఫిబ్రవరి 15, శనివారం

వెళ్ళటం కుదర్లా. షెడ్డుకి తేజ రకం మిరపకాయ లారీల మీద దిగింది. ఆడవాళ్ళంతా వచ్చి కూర్చున్నారు, మేస్త్రి లేకపోతే ఎట్టా? సీజన్ గదా.

నేను వచ్చేటప్పటికి నీలం గళ్ళ చొక్కాలోనే కూర్చుని ఉన్నాడు. పొద్దున నేను తొడిగిందే. పక్కింటి జాన్‌బీ అన్నం పెట్టబోతే వీధి గుమ్మం చూపించి నోరు తెరవలేదట. జాలేసింది.

"వచ్చే శనివారం" అన్నాను.

"సరే."

ఫిబ్రవరి 19, బుధవారం

చెయ్యి భుజం దాకా లేపాడు. అఖిల నమ్మలేకపోయింది. ఏం మంత్రం వేశారు ఆంటీ అంది.

ఫిబ్రవరి 22, శనివారం

మబ్బు పట్టిందని చెప్పాను.

స్నానం చేయించి, చొక్కా తొడిగి, తల దువ్వి, డబ్బాలో పెరుగన్నం కూడా పెట్టి, అప్పుడు చెప్పాను. వాన పడేట్టుంది, నది మీద గాలి మంచిది కాదు, నీకు జలుబు చేస్తే నేను చావాలి అన్నాను. ఆయన కిటికీ వంక చూశాడు. ఎండ ఫెళ్ళున కాస్తోంది. లేచి కిటికీ మూసేశాను.

ఎందుకట్టా చెప్పానో నాకే తెలీదు. ఒళ్ళు అలిసిపోయి ఉంటుంది. వారమంతా షెడ్డు, ఇంటికొస్తే ఈయన. నాకూ ఒక శనివారం నడుం వాల్చాలని ఉండదా? ఆ మాట చెప్తే బాధపడతాడని మబ్బు అన్నాను. ఆయన మంచికే.

చూస్తూ చూస్తూ మొహంలో వెలుగు ఎట్టా దిగిపోయిందో. పెరుగన్నం నేనే తిన్నాను.

ఫిబ్రవరి 25, మంగళవారం

ఒక సంగతి గమనించాను. కాన్సిల్ చేసినప్పుడల్లా తర్వాతి వారం బాగా కష్టపడుతున్నాడు. ఈరోజు బొటనవేలు మడిచాడు. అంటే వాయిదా వెయ్యటమే మంచిదన్నమాట. తీసుకుపోతే ఆశ తీరిపోతుంది, ఇంక చెయ్యడు. అఖిలకి ఇది చెప్పలేదు. చిన్నపిల్ల, దానికి అర్థం కాదు.

మార్చి 5, బుధవారం

ఈస్టర్‌కి ముందొచ్చే శ్రమల దినాలు మొదలు. సంఘం ఆడవాళ్ళు ఇంటికొచ్చి ప్రార్థన పెట్టారు. పాస్టరమ్మగారు ఈయన తల మీద చెయ్యేసి, "బ్రదర్, సువార్తమ్మలాంటి భార్యని ఇచ్చినందుకు దేవుణ్ణి స్తుతించండి" అంది.

అందరూ ఆయన వంక చూస్తున్నారు. ఆయన నా వంక చూస్తున్నాడు.

"సరే" అన్నాడు.

ఆమెన్ అన్నారంతా.

మార్చి 8, శనివారం

ఈసారి చెప్పులు కూడా తొడిగాను. కుర్చీ వసారాలోకి లాగి, గాలం కర్ర ఒళ్ళో పెట్టి, తల మీద టోపీ పెట్టాను. "సుభానీ వచ్చేస్తున్నాడు, మలుపు దగ్గర ఉన్నాడంట" అన్నాను. ఏ బండి హారన్ వినపడినా మెడ ముందుకు చాపుతున్నాడు. నేను లోపల వంట చేసుకుంటూ మధ్య మధ్యలో వచ్చి చూశాను. ఎండ కాళ్ళ మీదికి వచ్చింది, తర్వాత ఒళ్ళోకి వచ్చింది, మొహం మీదికి వచ్చాక లోపలికి లాక్కొచ్చాను.

"వ్యాన్ పాడైపోయిందంట. ఫోన్ చేశాడు" అన్నాను.

సుభానీకి నేను ఫోన్ చెయ్యలేదు. మొదట్నుంచీ ఒక్కసారి కూడా చెయ్యలేదు. ఊరికే ఆ మనిషిని ఇబ్బంది పెట్టటం ఎందుకు?

వసారాలో కూర్చుని వీధి వంక చూడటం ఎట్టా ఉంటుందో ఆయనకీ తెలియాలి గదా. ఆ రోజు ఆయన వదిలేసి పోతే పచ్చ చీరలో నేను కూర్చున్నది కూడా అక్కడే.

ఛీ. ఇది కొట్టేద్దామనుకుని ఉంచాను.

మార్చి 12, బుధవారం

మహిమ ఫోన్ చేసింది. పాఠాలు చెప్పే బళ్ళో పదో తరగతి పరీక్షల హడావిడి, ఏప్రిల్ సెలవులు ఇచ్చేదాకా రాలేనంది. "నాన్నని నది దగ్గరికి తీసుకెళ్తున్నావంటగా, ఎంత మంచిదానివే అమ్మా" అంది. చెప్తూ ముక్కు చీదుకుంది. నాకూ ఏడుపొచ్చింది. నేను మంచిదాన్నే.

మార్చి 16, ఆదివారం

సుభానీ వచ్చాడు. కూతురి పెళ్ళి పనుల్లో పడి ఆస్పత్రిలో చూశాక మళ్ళీ రాలేకపోయానని ఈయన కాళ్ళ దగ్గర కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. ఇద్దరూ ఒకే ఒడ్డున ఒకరి పక్కన ఒకరు గాలాలేసుకుని ముసలివాళ్ళయ్యారు. టీ పెట్టబోతే, రంజాన్ రోజాలో ఉన్నాను వదినా అన్నాడు.

"అన్నని ఒకసారి పెనుమూడి తీసుకుపోదాం వదినా."

"నీ వ్యాన్ బాగు కావాలిగా" అనేశాను, ఆయన ముందు ఇంకేం అనాలో తోచక.

"నా వ్యాన్‌కేం రోగం? గుర్రంలాగా తిరుగుతోంది. ఎప్పుడంటే అప్పుడు ఒక్క ఫోన్ కొట్టు, వచ్చి గుమ్మంలో నిలబడతా."

నేను ఈయన వంక చూడలేదు. చూస్తున్నాడని మాత్రం తెలుస్తూనే ఉంది.

మాట మార్చాలని, "ఎర నువ్వే కలుపుకురావాలి, నా కారం చేతులు పనికిరావుగా" అన్నాను.

సుభానీ పకపకా నవ్వాడు. "ఇంకా ఆ మాట నమ్ముతున్నావా వదినా? అన్న ఎరలో పడేదే కారం! తవుడులో వెల్లుల్లి నూరి, ఇంత గొడ్డు కారం కలిపి ముద్ద చేసేవాడు. జెల్లలు ఆ ఘాటుకే ఎగబడి వచ్చేవి. రేవులో అందరం ఈ ఎరే నేర్చుకున్నాం."

"మరి నన్నెందుకు..."

"ఏదో సరదాకి వదినా. నువ్వొస్తే నోరు మూసుకుని కూర్చోవు, చేపల సంగతేమో గానీ ముందు నేను నీళ్ళలో దూకాలి అనేవాడు. మేమంతా ఒకటే నవ్వు." చెప్పేసి, నా మొహం చూసి ఆపేశాడు.

ఆ కారం ఎక్కడిది? నా వంటింటి డబ్బాలోదే గదా. నేను షెడ్డు నుంచి తెచ్చి, ఎండబెట్టి, ఆడించి, జల్లించి పెట్టింది. నా కారం పనికొచ్చింది. నేను పనికిరాలేదు.

సుభానీ వెళ్ళిపోయాక ఇద్దరమే మిగిలాం. ఆయనకి నా అబద్ధం తెలిసింది, నాకు ఆయనది తెలిసింది. అడిగితే సరే అంటాడు.

మార్చి 17, సోమవారం

మర్చిపోయాను.

షెడ్డు నుంచి వచ్చి నేరుగా అన్నం కలిపి పెట్టాను. మూతి తుడిచాను. చెమట పట్టిందని మొహమంతా తుడిచాను. కళ్ళు కూడా. చేతులు కడుక్కోవటం మర్చిపోయాను.

కళ్ళు చింతనిప్పులైపోయినాయి. నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఎడమ చెయ్యి లేపి అడ్డం పెట్టుకోవచ్చు గదా, పెట్టుకోలేదు. నా వంకే చూశాడు.

"మండుతోందా?" అన్నాను.

"సరే" అన్నాడు.

మార్చి 18, మంగళవారం

నిజంగానే మర్చిపోయాను. తేజ కాయ పని, ఒళ్ళు తెలీకుండా అలసట. ఎవరైనా మర్చిపోతారు.

మహిమకి పాలిచ్చే రోజుల్లో కూడా మర్చిపోలేదు నేను. మా షెడ్డులో ఏ పిల్లతల్లీ మర్చిపోదు. గుమ్మం తొక్కకముందే చెయ్యి కడుక్కోవటం మాకు ఊపిరి పీల్చుకున్నట్టు.

అయినా మర్చిపోయాను.

మార్చి 19, బుధవారం

కళ్ళకలక అని చెప్పాను అఖిలకి. చుక్కల మందు పేరు చెప్పింది. "మీరు కూడా జాగ్రత్త ఆంటీ, అంటుకుంటుంది" అంది.

మార్చి 29, శనివారం

చెయ్యి లేపటం లేదు. వేలు మడవటం లేదు. సరే కూడా అనటం లేదు. అఖిల పట్టుకుని ఆడిస్తే ఆడించుకుంటున్నాడు, వదిలితే అట్టాగే పడేస్తున్నాడు.

ఇవాళ నన్ను వంటింట్లోకి పిలిచి చెప్పింది. "ఆంటీ, ఏమన్నా రాబట్టగలిగితే ఈ కొద్ది నెలల్లోనే. ఇప్పుడు వదిలేస్తే వేళ్ళు ముడుచుకుపోతాయి, మంచం దిగరు. మళ్ళీ మీరే ఏదో ఒకటి చెయ్యాలి. మీ మాటే వింటారాయన."

నా మాటే!

ఏప్రిల్ 3, గురువారం

ఈసారి నిజం. బైబిల్ మీద చెయ్యేసి ఆయన ముందే చెప్పాను. సుభానీకి ఆయన ముందే ఫోన్ చేశాను, స్పీకర్ పెట్టి. వచ్చే వారం శనివారం, మట్టలాదివారం ముందు రోజు, షెడ్డుకి సెలవు పెట్టాను. తవుడు తెచ్చాను. వెల్లుల్లి నూరాను. కారం ఇంత పోసి ఆయన కళ్ళ ముందే కలిపి చూపించాను. "చూడు, నీ ఎర. నా చేత్తోనే కలిపా. నవ్వవేం? నవ్వు."

గోడ వైపు తిరిగాడు.

ఏప్రిల్ 8, మంగళవారం

నాలుగు రోజుల్లో పెనుమూడి అన్నాను. పండుగప్ప పడుతున్నాయంట ఈ మధ్య అన్నాను. నేను దూరంగా వ్యాన్‌లోనే కూర్చుంటాలే, నోరెత్తను అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. నేనేనా అనిపించింది.

ఏప్రిల్ 12, శనివారం

సుభానీ చెప్పిన టయానికి వచ్చి హారన్ కొట్టాడు. కుర్చీ, గొడుగు, గాలం, డబ్బా అన్నీ ఎక్కించాం. ఈయనకి నీలం గళ్ళ చొక్కా తొడగబోతే ఎడమ చేత్తో మంచం ఊచ పట్టుకున్నాడు. లాగాను, వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాను. ఎంత బలం ఉందో ఆ చేతిలో.

"పద అన్నా, నీళ్ళు చూద్దువు గాని" అన్నాడు సుభానీ.

"పోదాం పదవయ్యా. ఈసారి అబద్ధం కాదు. చూడు, బండి చూడు. నీకు దణ్ణం పెడతా" అన్నాను.

మూతి వంకర తిప్పాడు. చొంగ కారింది. మెడ నరాలు ఉబ్బాయి. ఏదో అవుతోందని భయపడ్డాను.

"వద్దు" అన్నాడు.

స్పష్టంగా. రేడియోలో వార్తలు చదివినట్టు.

సుభానీ సామానంతా మళ్ళీ దించి వసారాలో పెట్టి, నాతో మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. అఖిలకి ఫోన్ చేశాను. ఎగిరి గంతేసింది. "కొత్త మాట వచ్చిందా! సూపర్ ఆంటీ! ఇంక దారి పడినట్టే. మీ కష్టం ఊరికే పోలేదు. రోజూ అడుగుతూ ఉండండి, ఆ మాట పదే పదే అనిపించండి."

ఏప్రిల్ 16, బుధవారం

అనిపిస్తున్నాను. టీ? వద్దు. పెరుగన్నం? వద్దు. కాళ్ళు పట్టనా? వద్దు. ఇక్కడ కూర్చోనా? వద్దు.

జాన్‌బీ వచ్చి పెడితే గిన్నె ఖాళీ.

ఏప్రిల్ 20, ఈస్టర్

చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. ఈయనకి మాటలు వస్తున్నాయని ఎట్టా తెలిసిందో అందరికీ తెలిసింది. మైకు చేతిలో పెట్టారు. దేవుడు మా ఇంట్లో గొప్ప కార్యం చేశాడని చెప్పాను. మూగబోయిన నోరు తెరిచాడని చెప్పాను.

"మొదట ఏమని పలికారమ్మా బ్రదర్ ఇమ్మానుయేలుగారు?" అన్నాడు పాస్టరుగారు.

"స్తోత్రం అన్నాడండి."

హల్లెలూయా అని హోరెత్తిపోయింది. ముందు వరసలో ఆడవాళ్ళు ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

ఏప్రిల్ 26, శనివారం

మహిమ వచ్చింది. సెలవులిచ్చారు. రాగానే నాన్న మంచం మీద పడి ఏడ్చింది. నీళ్ళు పెట్టి తనే ఒళ్ళు తుడిచింది, తనే అన్నం పెట్టింది. చిన్నపిల్లాడిలా తిన్నాడు.

"నాన్నా, నాతో అవనిగడ్డ వస్తావా? సెలవులన్నీ నా దగ్గరే ఉందువు గాని."

"సరే" అన్నాడు. నెల రోజుల పైన అయింది ఆ మాట విని.

"అమ్మని కూడా తీసుకెళ్దాం. ఏం నాన్నా?"

"వద్దు."

మహిమ నవ్వింది. "ఏదో తెలీక అన్నాడులే అమ్మా. రెండు మాటలే గదా, ఏది వస్తే అది అంటాడు" అంది. అంతే గదమ్మా అని నేనూ నవ్వాను. షెడ్డులో కాయ ఉంది, నేనెట్టా వస్తాను, మీరు వెళ్ళండి అన్నాను. బట్టలు సర్దాను. మందులు ఏవి ఎప్పుడెయ్యాలో చెప్పాను. కళ్ళ చుక్కలు ఎందుకమ్మా అని అడిగింది. మొన్న కళ్ళకలక వచ్చిందిలే అన్నాను. ఆయన వింటున్నాడు.

ఏప్రిల్ 28, సోమవారం

పొద్దున్నే సుభానీ వ్యాన్‌లో వెళ్ళారు. ఈయన్ని ఎత్తి కూర్చోబెట్టేటప్పుడు నా భుజం పట్టుకోవాల్సి వచ్చింది. పట్టుకోలేదు. సుభానీ మెడ పట్టుకున్నాడు.

ఇల్లు ఊడ్చాను. మంచం మీద పరుపు ఎండలో వేశాను. షెడ్డుకి వెళ్ళలేదు. సెలవు పెట్టలేదు గానీ వెళ్ళలేదు.

మధ్యాహ్నం మహిమ ఫొటో పంపింది. దారిలో వారధికి ముందే పెనుమూడి రేవులోకి దింపారట. ప్లాస్టిక్ కుర్చీ నీళ్ళ అంచుకి వేశారు. ఈయన పాదాల మీదికి నీళ్ళొస్తున్నాయి. ఎడమ చేతిలో గాలం. వెనక ఆ చివరెక్కడో ఆవలి ఒడ్డు, సన్నటి గీత. ఎంత వెడల్పో ఆ నది, బస్సులోంచి చూస్తే తెలీదు. నోరు మొత్తం తెరిచి నవ్వుతున్నాడు. కుడి వైపు కూడా కదిలినట్టుంది. కుడి చెయ్యి ఒళ్ళోంచి లేచి ఉంది, ఎవరూ పట్టుకోకుండానే.

ఫొటో పెద్దది చేసి చాలాసేపు చూశాను.

కింద రాసింది: "నాన్నకి జెల్ల పడిందే అమ్మా! ఎన్ని నెలల నుంచో అనుకుంటున్నావు గదా, ఒక్కసారైనా ఎందుకు తీసుకురాలేదు?"

ఏం రాయాలా అని ఆలోచించాను. రాసింది చెరిపి మళ్ళీ రాశాను.

"ఆయనే వద్దన్నాడమ్మా" అని పంపాను. అది అబద్ధమేం కాదు.